తెస్నా అవతలికి పోయిన జిల్లా

యాసెనీవ్కా
1963 జనవరి

ఒరేయ్ తీఖోన్,

మీరు క్రుతోయార్‌లో దిగినట్టు జీనా రాసిన కార్డు అందింది. కొత్త ఇంటి మెట్ల మీద మంచు గడ్డకట్టి జారిపడ్డావట కదా. మన జిల్లాని మూటగట్టి నది అవతలికి మోసుకుపోయినవాడికి ఆ మాత్రం దెబ్బ తగలాల్సిందేలే. నడుముకి వేడి ఉప్పు కాపడం పెట్టమని నీ పెళ్ళాంతో చెప్పు. నవ్వుకుంటూ పెట్టమను, తప్పు లేదు.

నువ్వు వెళ్ళిన మర్నాడే కార్యాలయం గుమ్మం మీది బోర్డు దించేశారు. తుప్పుపట్టిన మేకులు ఒక పట్టాన రాలేదు. పక్కింటి యెవ్‌మెన్ తాత చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "నెమ్మదిగా పీకండ్రా నాయనా, గోడ పాడుచేయకండి. నాలుగేళ్ళకి మళ్ళీ మీరే వచ్చి తగిలించాలి" అన్నాడు. అందరూ నవ్వారు. బోర్డు దిగాక మాత్రం ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. గోడ మీద అదున్న చోటు తెల్లగా మిగిలింది.

నాన్న చెప్పిన బల్ల కథ గుర్తుందా? ఇరవై మూడులో మన ఊరు మొదటిసారి జిల్లా కేంద్రమైనప్పుడు కార్యాలయంలో కూర్చోవడానికి బల్ల కూడా లేదట. పారిపోయిన దొరగారి భోజనాల బల్లని నాన్నే మన బండి మీద తెచ్చి దింపాడు. ముప్ఫై ఒకటిలో జిల్లాని ఎత్తేస్తే ఆ బల్ల క్రుతోయార్ పోయింది. ముప్ఫై అయిదులో జిల్లాని తిరిగి ఇచ్చారు గానీ బల్లని ఇవ్వలేదు. క్రుతోయార్ వాళ్ళ పేరెత్తితే నాన్న బతికినన్నాళ్ళూ బల్లదొంగలనే అనేవాడు. ఇప్పుడు ఆయన కొడుకే పోయి ఆ బల్ల దగ్గర కూర్చున్నాడు.

వేళాకోళానికి అన్నాలే. నువ్వు కోరుకుని వెళ్ళలేదని నాకు తెలుసు. కోర్టు పోయింది, బ్యాంకు పోయింది, పత్రిక పోయింది. ఇక పెళ్ళి రాయించుకోవాలన్నా చావు రాయించాలన్నా తెస్నా నది దాటాల్సిందే. పోనీ, వాటికోసం నేను ఏడవను. నా కాన్పుల వార్డు ఒక్కటి ఉంచు. మంచు కరిగిన రోజుల్లో వంతెన మునిగే సంగతి నీకు ఒకరు చెప్పనక్కర్లేదు. దాని కింద ఈతలు కొడుతూ పెరిగినవాడివి. అమ్మ పోయాక నిన్ను సాకినదాన్ని. ఇన్నేళ్ళలో నిన్ను ఏదీ అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను.

మీ అక్క
యవ్దోఖ


క్రుతోయార్
1963 ఫిబ్రవరి

అక్కా,

నడుం నొప్పి తగ్గింది. జీనా నవ్వుతూనే కాపడం పెట్టింది, నీ ఉత్తరం చదివి వినిపిస్తూ మరీ.

బల్లని చూశాను. నిజంగానే అధ్యక్షుడి గదిలో ఉంది. కాళ్ళ మీద సింహం గోళ్ళు చెక్కి ఉన్నాయి, నాన్న చెప్పినట్టే. "ఇది మా యాసెనీవ్కాది" అన్నాను. "ఇప్పుడు యాసెనీవ్కాయే మాది కదయ్యా" అన్నాడాయన. అందరూ నవ్వితే నేనూ నవ్వాను. ఇక్కడ పేరుకి ఉపాధ్యక్షుణ్ణే గానీ కొత్తవాణ్ణి, పైగా అవతలి ఒడ్డువాణ్ణి. మన ఊళ్ళో నన్ను ఇవతలి ఒడ్డుకి పోయినవాడంటారు. ఎవరితో మాట్లాడినా రెండో మాటకి అదే వస్తోంది.

రెండు జిల్లాలను ఒకటి చేస్తే ఖర్చు తగ్గుతుందనీ, ట్రాక్టర్లూ విత్తనాలూ ఒకే చోటినుంచి నడపొచ్చనీ పైవాళ్ళు చెప్పేది అబద్ధం కాదక్కా. మనం పోగొట్టుకున్నవాళ్ళం గనుక మనకి కష్టంగా ఉంది. దేశమంతటా ఇదే జరుగుతోంది. ఎక్కడో ఒకచోట గీత చెరపాలి, గీత దగ్గర ఇల్లున్నవాడికి నొప్పి పుడుతుంది.

వార్డు గురించి బెంగపెట్టుకోకు. దాని జోలికి ఎవరూ రారు. మాట ఇస్తున్నాను.

నీ తమ్ముడు
తీఖోన్


యాసెనీవ్కా
1963 మార్చి

తీఖోన్,

సోమవారం పొద్దున్నే రెండు లారీలు వచ్చాయి. మంచాలు, కాన్పు బల్ల, దీపం, మందుల బీరువా, పసిపిల్లల్ని తూచే త్రాసు అన్నీ ఎక్కించారు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. డ్రైవరు చిన్నవాడు, మర్యాదస్తుడు. టోపీ తీసి, "పెద్దమ్మా, నన్నేం చేయమంటారు చెప్పండి. ఇదిగో ఆర్డరు" అని చేతిలో పెట్టాడు. కింద సంతకం నీది.

చదవగానే పక్కకి తప్పుకున్నాను.

ఇప్పుడు మాది ఆస్పత్రి కాదు, ప్రథమ చికిత్స కేంద్రమట. కట్టు కట్టొచ్చు, జ్వరానికి మాత్ర ఇవ్వొచ్చు. కాన్పు మాత్రం చేయకూడదు, నొప్పులు మొదలవగానే క్రుతోయార్ పంపాలి. ఇంతకాలం ఇక్కడ పురుళ్ళు పోసినదాన్ని, ఇక్కడ పురుడు పోయరాదని గోడ మీద కాగితం నేనే అంటించాను.

పాలకేంద్రంలో పనిచేసే మోత్ర్య, ట్రాక్టరు సీదిర్ పెళ్ళాం, నీకు తెలుసు. పెళ్ళైన ఇన్నేళ్ళకి కడుపు పండింది. ఏప్రిల్ మధ్యలో నెలలు నిండుతాయి. చిన్న మనిషి, బిడ్డ పెద్దది. నాకు దిగులుగా ఉంది. తెస్నాలో మంచు అప్పుడే పగుళ్ళిస్తోంది.

మాట ఇచ్చావు. లారీలు వస్తాయని ముందే తెలిసి ఇచ్చావా, తెలియక ఇచ్చావా, అది ఒక్కటి రాయి.

యవ్దోఖ


క్రుతోయార్
1963 మార్చి

అక్కా,

నువ్వు రాసిన తీరు నాకు నచ్చలేదు. ఇంట్లో మనిషికి రాసే తీరు కాదు.

ఇద్దరు డాక్టర్లే ఉన్నారు. రెండు చోట్ల వార్డులు నడపడానికి పైనుంచి అనుమతి లేదు. నేను సంతకం పెట్టకపోతే నా పక్కవాడు పెట్టేవాడు, నన్ను ఇంటికి పంపేవారు. అప్పుడు మన ఊరి తరఫున ఇక్కడ మాట్లాడే దిక్కు కూడా ఉండేది కాదు. పోయిన నెల వాళ్ళని ఆపి మీకు ఫార్మసీ మిగిల్చింది ఎవరనుకున్నావు?

నెలలు నిండినవాళ్ళు వారం ముందే వచ్చి ఇక్కడి వసతిగృహంలో ఉండొచ్చని ఏర్పాటు చేయించాను. మోత్ర్యని కూడా పంపించు. ఆ పని నీ చేతిలో ఉంది.

తీఖోన్


యాసెనీవ్కా
1963 ఏప్రిల్

తీఖోన్,

నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అయినా నా చేత్తో రాస్తున్నాను.

మోత్ర్యని ముందే పంపుదామని సీదిర్‌తో మాట్లాడాను. మూట కూడా కట్టుకున్నారు. ఆదివారం వెళ్దామనుకుంటే శుక్రవారం నుంచి దక్షిణపు గాలి వీచింది, మంచు ఒక్కసారిగా కదిలింది. శనివారం పొద్దున వంతెన రెయిలింగు మాత్రమే నీళ్ళ పైన కనబడింది. ఆ పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి.

సీదిర్ ఆమెని ట్రాక్టరు మీద వంతెన దాకా తీసుకెళ్ళి, ఇంజను మునగబోయేదాకా నీళ్ళలోకి దిగి, వెనక్కి తిప్పుకొచ్చాడు. నా గుమ్మంలో దించి, "యవ్దోఖ పిన్నీ, ఇంకెక్కడికి తీసుకెళ్ళను?" అన్నాడు. గోడ మీది కాగితం అతని తల పక్కనే ఉంది.

నేను ఫోన్ చేశాను. మీ ఆస్పత్రిలో ఒక అమ్మాయి ఎత్తింది.

"తీసుకురండి" అంది.

"వంతెన మీద నడుంలోతు నీళ్ళమ్మా."

"మరి మేమేం చేస్తామండీ, మీ దగ్గర కాన్పు చేయకూడదు కదా."

"డాక్టరుని పడవలో పంపండి. మందులైనా పంపండి."

"పెద్దవాళ్ళని అడిగి చెప్తాను."

మళ్ళీ ఫోన్ రాలేదు.

వార్డు తాళం తీశాను. లోపల ఏముంది? గోడలు. సీదిర్ బయటి గది బల్లలు లోపలికి తెచ్చి, స్టోరు గది తలుపు ఊడదీసి వాటి మీద పరిచాడు. యెవ్‌మెన్ తాత పొయ్యి రాజేసి నీళ్ళు కాచాడు. మోత్ర్య అరవలేదు. "పిన్నీ, ఆవులు నా చెయ్యి తప్ప మరొకరి చెయ్యి ఒప్పుకోవు, ఎన్నాళ్ళకి వెళ్ళొచ్చు?" అని అడిగింది నొప్పికీ నొప్పికీ మధ్య. ఆడపిల్ల పుట్టింది. బాగుంది, గట్టిగా ఏడ్చింది. తల్లి చూసుకుంది కూడా.

తర్వాత రక్తం ఆగలేదు. ఆపే ఇంజెక్షన్లు ఉండే బీరువా మీ ఊళ్ళో ఉంది. ఎక్కించడానికి రక్తం మీ ఊళ్ళో ఉంది. నా దగ్గర రెండు చేతులూ బకెట్టెడు మంచూ ఉన్నాయి. చేతనైనదంతా చేశాను. మధ్యాహ్నానికి పోయింది.

చావు రాయించడానికి సీదిర్ నది దాటి మీ దగ్గరికే రావాలి. నీళ్ళు తీశాక వస్తాడు. నువ్వు ఆ పూట ఆఫీసులో ఉండు.

యవ్దోఖ


క్రుతోయార్
1963 మే

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

సీదిర్ వచ్చాడు. నేను ఆఫీసులోనే ఉన్నాను. నా వైపు చూడలేదు. కాగితం తీసుకుని వెళ్ళిపోయాడు.

విచారణ సంఘం వేశారు, దానికి నన్నే పెద్దని చేశారు. ఎందుకు చేశారో నీకు అర్థమవుతుంది. ప్రాంత కేంద్రం నుంచి వచ్చినతను తలుపు వేసి నాతో అన్నాడు: "నర్సు మీ అక్క అని విన్నాను. నిషేధం ఉన్నా కాన్పు చేసింది, మనిషి చచ్చిపోయింది. ఇది కోర్టుకి పోతే జైలే."

అందుకే చెప్పేది విను. మోత్ర్యని తెచ్చేసరికే చేయి దాటిపోయిందని రాసి సంతకం పెట్టి పంపు. ఫోన్ సంగతి, వార్డు తరలింపు సంగతి ఎత్తకు. అవి ఎత్తితే వాళ్ళకి పంతం వస్తుంది. మిగతాది నేను చూసుకుంటాను. నువ్వు జైలుకి పోతే నేను బతకలేను. నీ కోసమే ఇదంతా.

నీ తీఖోన్


యాసెనీవ్కా
1963 జూన్

జిల్లా కార్యవర్గం ఉపాధ్యక్షులు తీఖోన్ సావిచ్ లొబొదా గారికి,

మీ విచారణ సంఘం నిర్ణయం మా కేంద్రం తలుపుకి అంటించారు. చదివాను. ఊరంతా చదివింది. నిషేధాన్ని ఉల్లంఘించి కాన్పు చేసినందువల్ల మరణం సంభవించిందనీ, నర్సుని పని నుంచి తొలగించడమైనదనీ ఉంది. వంతెన గురించి గానీ లారీల గురించి గానీ ఒక్క ముక్క లేదు.

మీరడిగిన కాగితం నేను పంపలేదు. బతికొచ్చిన మనిషిని చచ్చి వచ్చిందని రాయలేను. మీకు నా కాగితం అవసరం పడలేదని ఇప్పుడు తెలిసింది.

నాకు జైలు తప్పించారు. అందుకు సంతోషించాలేమో. సంతోషం రావడం లేదు. మోత్ర్య చావుని నా తప్పుగా రాశారు. సీదిర్ ఆ కాగితం చదివి మా ఇంటికొచ్చి, పాప కోసం కాచిన పాలు చల్లారేదాకా నా వంటింట్లో కూర్చున్నాడు. "పిన్నీ, వాళ్ళు రాసింది నేను నమ్మలేదు" అన్నాడు. నాకు అది చాలు.

రేపట్నుంచి దూడల కొట్టంలో పనికి వెళ్తున్నాను. ఇకమీదట నాకు ఉత్తరాలు రాయకండి.

యవ్దోఖ సావివ్నా


క్రుతోయార్
1964 డిసెంబరు

అక్కా,

నువ్వు జవాబివ్వని ఉత్తరాలు చాలా రాశాను. ఇది కూడా వాటిలో చేరవచ్చు.

పైన మనుషులు మారారు. కలిపిన జిల్లాలను మళ్ళీ విడదీయడం మొదలైంది. యాసెనీవ్కాని జిల్లాగా తిరిగి ఇస్తున్నారు. సరిహద్దు తెస్నా నదే, పాతదే. కోర్టు, బ్యాంకు, పత్రిక వెనక్కి వస్తాయి. వార్డు కూడా వస్తుంది. నిన్ను పనిలోకి పిలుస్తారు. నా మీద కోపంతో వద్దనకు. వెళ్ళు.

జీనా బాగానే ఉంది. చలి ఎక్కువగా ఉంది.

తీఖోన్


యాసెనీవ్కా
1965 మార్చి

తీఖోన్,

నాన్న పేరు కలిపి, పరాయివాళ్ళని పిలిచినట్టు నిన్ను తీఖోన్ సావిచ్ అని పిలవడం మానేశాను, చూశావుగా.

నీ డిసెంబరు ఉత్తరం పొడిగా ఉంటే, సరే వీడు ఇంతే అనుకున్నాను. జిల్లా వస్తోందని రాశావు, చలి ఎక్కువగా ఉందని రాశావు. నవంబరులో జిల్లాలు విడదీయడం గురించి పెట్టిన సభలో లేచి నువ్వేం మాట్లాడావో రాయలేదు. ఉద్యోగం పోయిందని రాయలేదు. ఇప్పుడు ధాన్యం గోదాములో లెక్కలు రాస్తున్నావట, అదీ రాయలేదు. యెవ్‌మెన్ తాత ఆ సభకి మా ఊరి పెద్దల తరఫున వచ్చాడని నీకు తెలుసు. ఇంతకాలం ఎందుకు చెప్పలేదని నిలదీస్తే, "వాడి పేరెత్తితే నువ్వు వెళ్ళిపొమ్మంటావుగా, ఎలా చెప్పను?" అన్నాడు. మొన్న బోర్డు తిరిగి తగిలించిన రోజు కాస్త తాగి ఉన్నాడు, ధైర్యం వచ్చింది.

మా వంటింట్లో నిలబడి ఆ సభనంతా ఆడి చూపించాడు. ప్రాంత కేంద్రం నుంచి వచ్చిన లావుపాటి మనిషిలా పొట్ట ముందుకి పెట్టి, "కామ్రేడ్ లొబొదా, జిల్లాని తిరిగి ఇవ్వడంపై మీ అభిప్రాయం, క్లుప్తంగా" అన్నాడు. తర్వాత టోపీ తీసి నీలా నిలబడ్డాడు.

"ప్రతి ఏడూ మంచు కరిగినప్పుడు తెస్నా వంతెన మునుగుతుంది. నేను ఆ ఊళ్ళో పుట్టాను, నాకు తెలుసు. తెలిసీ కాన్పుల వార్డుని ఇవతలికి తెమ్మని సంతకం పెట్టాను. మోత్ర్య అనే మనిషి దానివల్ల చచ్చిపోయింది. ఆమెని బతికించాలని చూసిన నర్సుని తప్పుపడుతూ కాగితం రాసింది కూడా నేనే."

"కామ్రేడ్, మనం ఇక్కడ సరిహద్దుల గురించి మాట్లాడుకుంటున్నాం."

"నేనూ వాటి గురించే చెప్తున్నానండీ" అన్నావట.

చెప్పి చెప్పి ముసలాయన బల్ల మీద తలపెట్టి ఏడ్చాడు.

నేను ఏడవలేదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక నా సంగతి. పనిలో చేరాను. మంచాలు వచ్చాయి, కాన్పు బల్ల వచ్చింది. ఒక చక్రం విరగ్గొట్టి పంపారు. కొత్త డాక్టరమ్మ వచ్చింది, నాకు కూతురుంటే ఆ వయసుంటుంది, హస్తవాసి మంచిది. నన్ను తొలగించిన కాగితం రద్దు చేస్తున్నామని మరో కాగితం ఇచ్చారు. వంటింటి పొయ్యిలో పడేశాను. మంచిదో చెడ్డదో, నాకు కాగితాలతో పనిలేదు.

నువ్వు రావాలని ఉందా? రా. నేను వద్దనను. అయితే ముందు నా గుమ్మం ఎక్కకు. మిల్లు దాటాక నీలం కిటికీల ఇల్లు సీదిర్‌ది. ముందు అక్కడికి వెళ్ళు. నిన్ను మన్నించడం నా ఒక్కదాని పని కాదు. వాడు తలుపు తీస్తే తీస్తాడు, మొహాన వేస్తే వేస్తాడు. ఏదైనా సరే, అక్కడ నిలబడి, ఆ తర్వాత మా ఇంటికి రా. ఏ వేళకి వచ్చినా బోర్ష్ పులుసు ఉంటుంది.

అక్క


యాసెనీవ్కా, మన ఇంట్లో
1965 ఏప్రిల్

అక్కా,

ఇది నీ వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. నువ్వు లేవు. పొద్దున్నే మనిషొచ్చి వార్డుకి పిలుచుకెళ్ళాడని యెవ్‌మెన్ తాత చెప్పాడు. పాలకేంద్రం పిల్ల ఎవరో, తొలిచూలట. తాళంచెవి ఆయనే ఇచ్చాడు. ఇస్తూ, "సీదిర్ ఇంటికి వెళ్ళొచ్చావా లేదా? లేకపోతే ఇవ్వొద్దంది మీ అక్క" అన్నాడు. వెళ్ళొచ్చానన్నాక ఇచ్చాడు.

వెళ్ళాను. మిల్లు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. వెనక్కి తిరిగి పడవెక్కుదామని కూడా అనుకున్నాను, నీకు అబద్ధం చెప్పను.

సీదిర్ పెరట్లో దుంగలు కోస్తున్నాడు. నన్ను చూసి రంపం ఆపాడు.

"ఎవరు పంపారు?" అన్నాడు.

"అక్క చెప్పింది. కానీ నేనే వచ్చాను."

"మన్నించమని అడగడానికా?"

నేను టోపీ తీశాను.

"అడిగితే లేదంటాను" అన్నాడు. "అందుకని అడక్కు."

"అడగను."

తర్వాత రంపం వైపు తల ఊపాడు. "ఒక్కడినే కోస్తున్నాను. ఆ పక్క పట్టుకో."

పట్టుకున్నాను. దుంగ మీద దుంగ కోశాం. చేతులు బొబ్బలెక్కాయి. ఆఫీసు చేతులు కదా, అది చూశాడు. పాప వచ్చి పొట్టు కుప్ప దగ్గర నిలబడింది. లుకియ అని పేరు పెట్టారు కదూ. బుగ్గలు మోత్ర్యవే. నేను ఆ పిల్ల కళ్ళలోకి చూడలేక రంపం వైపే చూస్తున్నాను. "నానా, ఎవలు?" అని అడిగింది తండ్రిని.

వాడు ఏం చెప్పినా చెప్పొచ్చు. నిజం చెప్పినా చెప్పొచ్చు.

"మన యవ్దోఖ మామ్మ తమ్ముడు" అన్నాడు.

అంతే అన్నాడు. మళ్ళీ రంపం లాగాడు. దుంగలన్నీ అయ్యాక లోపలికి రమ్మనలేదు, మంచినీళ్ళు మాత్రం ఇచ్చాడు. గేటు దగ్గర, "ఇంకా పడున్నాయి, కొండ పక్కన" అన్నాడు. మళ్ళీ ఆదివారం వస్తానన్నాను. రావద్దనలేదు.

మీ వార్డు కిటికీలు దారిలో కనబడ్డాయి. తెరలు వేసి ఉన్నాయి, లోపల మనుషులు కదులుతున్నారు. తెస్నా ఈసారి కూడా వంతెన మీదికి ఎక్కింది, చూశావా? రేపు పడవలో దాటాలి. ఈ ఒడ్డున పురిటి నొప్పులు పడుతున్న అమ్మాయికి ఆ సంగతితో పనిలేదు.

పొయ్యిలో రెండు కట్టెలు వేశాను. బోర్ష్ మూత తీసి చూసి మళ్ళీ పెట్టేశాను, నీతోనే తింటాను. ఈ కాగితం యెవ్‌మెన్ తాతకి ఇచ్చి వార్డుకి పంపిస్తున్నాను. నేనొచ్చానని కంగారుపడి పరిగెత్తుకురాకు. ఆ పిల్ల దగ్గరే ఉండు. బిడ్డ బయటపడి, తల్లి రక్తం ఆగి, ఇద్దరూ నిద్రపోయాకే రా. ఎంతసేపైనా పర్లేదు.

నేను ఇక్కడే కూర్చుంటాను.

నీ తమ్ముడు